నిజంగా జరిగిన చరిత్ర మీద తీసిన సినిమాలు: ఏవి చూడాలి, ఎంతవరకు నమ్మాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: చారిత్రక సంఘటనల ఆధారంగా తీసిన మంచి సినిమాలు కావాలి. అన్నీ యుద్ధాలే కాకూడదు. పదిహేనేళ్ల మీ అమ్మాయితో కలిసి చూడగలిగినవి కొన్ని ఉండాలి. ఏ సినిమాలో ఎంత నిజముందో కూడా తెలియాలి.

ముందు సూటిగా జవాబు. ఐదే చెప్పమంటే ఇవి చెబుతాను: అపోలో 13 (1995), ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్ (1966), ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్ (1976), అర్జెంటీనా, 1985 (2022), సొసైటీ ఆఫ్ ది స్నో (2023). ఐదూ సినిమాగా బాగుంటాయి, చరిత్రకూ దగ్గరగా ఉంటాయి. ఈ రెండూ ఒకేచోట కుదరడం అరుదు.

ఈ ఐదింటినీ ఎందుకు ఎంచానో చెబితే తర్వాత మీరే ఎంచుకోగలరు. చరిత్ర సినిమా విషయంలో నేను మొదట చూసేది దర్శకుడి పేరో అవార్డులో కాదు, కథ ఎంత కాలాన్ని తలకెత్తుకుంది అన్నది. వారం రోజుల సంఘటనను రెండున్నర గంటల్లో చెప్పేటప్పుడు వదిలేయాల్సింది తక్కువ. యాభై ఏళ్ల జీవితాన్ని అదే నిడివిలో చెప్పాలంటే మనుషులను కలిపేయాలి, సంవత్సరాలను దాటేయాలి, కొందరిని పూర్తిగా తీసేయాలి. గాంధీ (1982) దీనికి మంచి ఉదాహరణ. 191 నిమిషాల్లో 1893 నుంచి 1948 దాకా నడుస్తుంది. బెన్ కింగ్‌స్లీ నటనకు వంక పెట్టలేం. అంతిమయాత్ర సీనులో దాదాపు మూడు లక్షల మంది జనం నిజంగా నిలబడ్డారు. కానీ ఆ సినిమాలో అంబేద్కర్ ఎక్కడా కనిపించడు. అంటే 1932 నాటి పూనా ఒప్పందం లేదు, గాంధీ ఎదుర్కొన్న అతి బలమైన వాదనా లేదు. దర్శకుడి ఉద్దేశం ఏదైనా, అంత కాలాన్ని మోసే కథలో ఇలాంటి ఖాళీలు తప్పవు. అందుకే జీవితచరిత్ర సినిమాల కన్నా ఒక్క సంఘటన మీద నిలబడే సినిమాలే ముందు చూడమంటాను.

అపోలో 13 ఆ లెక్కన పాఠ్యపుస్తకం లాంటిది. 1970 ఏప్రిల్ 11న చంద్రుడి వైపు బయల్దేరిన అంతరిక్ష నౌకలో 13న ఆక్సిజన్ ట్యాంకు పేలింది, 17న ముగ్గురూ పసిఫిక్ సముద్రంలో క్షేమంగా దిగారు. కథంతా ఆ ఆరు రోజుల చుట్టూనే తిరుగుతుంది. భారరహిత సీన్లు గ్రాఫిక్స్ కావు. నాసా శిక్షణ విమానాన్ని పైకి ఎగరేసి కిందికి వంచుతూ, ఒక్కో విడతలో పాతిక సెకన్లు మాత్రమే దొరికే తేలియాడే స్థితిలో ముక్కలు ముక్కలుగా తీశారు. కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే డబ్బాలు నౌకలోని ఒక మాడ్యూల్‌లో (విడి భాగంలో) చదరంగా, ఇంకో మాడ్యూల్‌లో గుండ్రంగా ఉండటం నిజం. ప్లాస్టిక్ సంచి, గొట్టం, టేపుతో వాటిని అతికించడమూ నిజమే.

మార్చినవీ ఉన్నాయి. వ్యోమగాములు స్వైగర్ట్‌కూ హేజ్‌కూ మధ్య నౌకలో గొడవ కల్పితం. ఓటమికి తావే లేదన్న అర్థంలో నేల మీద నియంత్రణ కేంద్రాన్ని నడిపిన జీన్ క్రాంజ్ చెప్పే ప్రసిద్ధ డైలాగ్ రచయితలు రాసింది, ఆ రోజుల్లో ఆయన అన్నది కాదు. పేలుడుకు కారణాన్ని సినిమా చివర్లో ఒక్క వాక్యంతో దాటేసింది కానీ అసలు సంగతి ఇంకా ఆసక్తికరం. వేడి పెరిగితే హీటర్లను ఆపాల్సిన, ట్యాంకులోని థర్మోస్టాట్ స్విచ్‌లు 28 వోల్టులకు చేసినవి, ప్రయోగ కేంద్రంలో వాటికి అందింది 65 వోల్టులు. ఒక పరీక్ష తర్వాత ట్యాంకులోంచి ఆక్సిజన్ సరిగ్గా బయటికి రాకపోతే దాన్ని ఆవిరి చేయడానికి హీటర్లను గంటల తరబడి నడిపారు. స్విచ్‌లు అతుక్కుపోయాయి, వేడి హద్దు దాటింది, లోపలి వైర్ల మీది టెఫ్లాన్ తొడుగు పాడైంది. అంతరిక్షంలో ట్యాంకును కలియబెట్టే ఫ్యాన్ వేయగానే నిప్పురవ్వ రేగింది. ఇది తెలిసి సినిమా చూస్తే, ఫ్యాన్ స్విచ్ వేసే సీను దగ్గర ఊపిరి బిగబట్టుకుంటారు.

ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్ నలుపు తెలుపు సినిమా, రెండు గంటలు. ఫ్రాన్స్ పాలన మీద అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో జరిగిన పోరాటం, ముఖ్యంగా 1956, 57 సంవత్సరాలు. చూస్తున్నంతసేపూ న్యూస్‌రీల్ చూస్తున్నట్టే ఉంటుంది. కానీ అసలు న్యూస్‌రీల్ ఒక్క అడుగు కూడా వాడలేదని సినిమా మొదట్లోనే ప్రకటించుకుంది. దర్శకుడు గిల్లో పోంటెకోర్వో ఆ ఇరుకు సందుల్లోనే, ఎక్కువగా నటనానుభవం లేని మనుషులతో తీశాడు. పోరాట నాయకుల్లో ఒకడైన సాదీ యాసెఫ్ ఈ సినిమాకు నిర్మాతల్లో ఒకడు. తన జీవితాన్ని పోలిన పాత్రను తనే వేశాడు.

దీనివల్ల లాభమూ ఉంది, జాగ్రత్త పడాల్సిందీ ఉంది. అక్కడ నిలబడిన మనిషి చెబుతున్నాడు కాబట్టి రహస్య దళాల నిర్మాణం, స్త్రీలు వేషం మార్చి చెక్‌పోస్టులు దాటి బాంబులు పెట్టడం లాంటి వివరాలు అంత కచ్చితంగా వచ్చాయి. అదే మనిషి ఒక పక్షంవాడు కూడా. ఆ ఉద్యమంలోనే ఉన్న వర్గాల మధ్య నెత్తుటి తగాదాలు సినిమాలో దాదాపు లేవు. ఫ్రెంచి కర్నల్ మాత్యూ పాత్ర ఒక్క మనిషి కాదు, ఇద్దరు ముగ్గురు అధికారులను కలిపి అల్లినది. అయినా ఆ కర్నల్‌ను మూర్ఖుడిగా చూపకపోవడమే ఈ సినిమా గొప్పతనం. చిత్రహింసలు ఎందుకు వాడుతున్నాడో ఆయన నోటితోనే, తర్కంతో చెప్పిస్తుంది. విన్నాక మన మనసే మనల్ని నిలదీస్తుంది. ఫ్రాన్స్‌లో కొన్నేళ్లపాటు దీని ప్రదర్శనను అడ్డుకున్నారు. 2003లో ఇరాక్ యుద్ధ సమయంలో అమెరికా రక్షణ శాఖ తన అధికారులకు ఈ సినిమా వేసి చూపింది.

ఇక యుద్ధం లేని చరిత్ర. నా దృష్టిలో చరిత్ర సినిమాల్లో అత్యంత నమ్మదగిన వర్గం పత్రికాఫీసు, కోర్టు సినిమాలు. కారణం సులభం: పత్రికకు ప్రచురించిన వార్తలుంటాయి, కోర్టుకు సాక్షుల వాంగ్మూలాలుంటాయి. రచయితకు చేతిలో కాగితం ఉన్నప్పుడు కల్పించాల్సిన అవసరం తగ్గుతుంది.

ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్ 1972 జూన్ 17న వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో, ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలోకి చొరబడిన ఐదుగురు పట్టుబడటంతో మొదలవుతుంది. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1974 ఆగస్టులో రాజీనామా చేశాడు కానీ కథ అంతదాకా వెళ్లదు. తొలి ఏడు నెలల పరిశోధన దగ్గర ఆగి, మిగతాది టెలిప్రింటర్ మీద శీర్షికలుగా వదిలేస్తుంది. ఈ నిర్ణయమే సినిమాను కాపాడింది. ఫోన్ కాల్స్, నోట్‌బుక్‌లో గీతలు, తలుపు వేసేసే సాక్షులు, అంతే. చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: దీన్ని తవ్వితీసిన ఇద్దరు వాషింగ్టన్ పోస్ట్ విలేకరులతో రోజూ పనిచేసిన సిటీ ఎడిటర్ బ్యారీ సస్‌మన్‌ను సినిమా పూర్తిగా తీసేసింది. డబ్బు ఎటు పోతోందో చూడమనే ప్రసిద్ధ డైలాగ్ కూడా సినిమాలోదే, విలేకరుల పుస్తకంలో లేదు. విలేకరిని చీకటి పార్కింగ్‌లో కలిసి సమాచారమిచ్చే మనిషి ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో ఉన్న మార్క్ ఫెల్ట్ అని 2005లో గానీ లోకానికి తెలియలేదు. అంటే సినిమా తీసినప్పుడు ఆ రహస్యం ఇంకా భద్రంగానే ఉంది.

దీని తర్వాత స్పాట్‌లైట్ (2015) చూడండి. బోస్టన్ చర్చి అధికారులు దశాబ్దాలుగా కప్పిపుచ్చిన అకృత్యాలను అక్కడి పత్రిక 2002 జనవరిలో బయటపెట్టిన తీరు ఇందులో ఉంటుంది. పాత డైరెక్టరీల్లో పూజారుల బదిలీలను వరుసగా చూసుకుంటూ, 'అనారోగ్య సెలవు' లాంటి మాటల వెనక ఏముందో పట్టుకునే సీన్లు పరిశోధన అంటే ఏమిటో నేర్పుతాయి.

అర్జెంటీనా, 1985 నాకు బాగా ఇష్టమైన వాటిలో ఒకటి. సైనిక నియంతలుగా దేశాన్ని ఏలిన తొమ్మిది మందిని పౌర న్యాయస్థానంలో నిలబెట్టిన విచారణ ఇది. 1985 ఏప్రిల్‌లో మొదలై డిసెంబరులో తీర్పు వచ్చింది. 800 మందికి పైగా సాక్షులు మాట్లాడారు. ఆ తొమ్మిది మందిలో విదేలా, మస్సేరా ఇద్దరికీ జీవిత ఖైదు పడింది, ముగ్గురికి తక్కువ శిక్షలు, నలుగురు బయటపడ్డారు. సాక్షుల మాటలు చాలావరకు విచారణ రికార్డుల్లోంచి వచ్చినవే. ప్రాసిక్యూటర్ స్ట్రాసేరా ముగింపు ప్రసంగమూ అంతే. లోపం ఒకటి చెప్పాలి. అప్పటి అధ్యక్షుడు ఆల్ఫోన్సీన్ పాత్రను, సైనిక పాలనలో మాయమైనవారి వివరాలను ముందే సేకరించిన కమిషన్ శ్రమను సినిమా తగ్గించి చూపింది. దానితో ఈ కేసును ఒక చిన్న యువ బృందం శూన్యంలోంచి కట్టినట్టు అనిపిస్తుంది. నిజానికి పునాది అంతకుముందే పడింది.

ఇదే దారిలో చిలీ సినిమా నో (2012) కూడా వెతకండి. 1988 అక్టోబరు 5న సైనిక నియంత పినోచెట్ పాలన కొనసాగాలా వద్దా అని జరిగిన ఓటింగ్, దానికోసం టీవీలో రోజూ పావుగంట చొప్పున నడిచిన ప్రచారం. ఆ కాలపు యూమాటిక్ వీడియో కెమెరాలతోనే తీశారు కాబట్టి అసలు ప్రకటనలు ఎక్కడ ముగిసి సినిమా ఎక్కడ మొదలైందో కనిపెట్టడం కష్టం. బొమ్మ మసకగా ఉందని ప్రింటును అనుమానించకండి, అది కావాలని చేసింది. 'వద్దు' పక్షానికి దాదాపు 56 శాతం ఓట్లు వచ్చాయి. అయితే గెలుపంతా ప్రకటనల చలవే అన్నట్టు సినిమా చెబుతుంది. ఊరూరా తిరిగి లక్షల మందిని ఓటర్లుగా నమోదు చేయించిన కార్యకర్తలకు అందులో చోటు లేదు. కథానాయకుడు కూడా కల్పిత పాత్ర.

కొరియా నుంచి రెండు, రెండూ 2017లో వచ్చినవి. ఎ ట్యాక్సీ డ్రైవర్: 1980 మేలో గ్వాంగ్జు నగరంలో సైన్యం ప్రజల మీద జరిపిన కాల్పులను చిత్రీకరించిన జర్మన్ విలేకరి హిన్జ్‌పీటర్, ఆయన్ను తీసుకెళ్లిన డ్రైవర్. చివర్లో కార్ల ఛేజింగ్ సినిమా కోసం చేర్చింది. సినిమా తీసేనాటికి ఆ డ్రైవర్ ఎవరో స్పష్టంగా తెలియదు, విడుదలయ్యాక ఆయన కొడుకు ముందుకొచ్చాడు. కాబట్టి డ్రైవర్ ఇంటి కథంతా ఊహే. రెండోదాని పేరు 1987: పోలీసుల చిత్రహింసలో ఒక విద్యార్థి చనిపోతే, ఆ నిజం ఒక ప్రాసిక్యూటర్, ఒక డాక్టర్, ఒక జైలు ఉద్యోగి, కొందరు విలేకరుల చేతుల మీదుగా ఎలా బయటికి వచ్చిందో చెబుతుంది. ఒకే హీరో లేకుండా కథ చేతులు మారుతూ సాగుతుంది. చరిత్ర నిజంగా నడిచేది అలాగే. అందులో కాలేజీ అమ్మాయి యాన్‌హీ మాత్రం కల్పిత పాత్ర. ముందు ట్యాక్సీ డ్రైవర్, తర్వాత 1987 చూస్తే వరుస కుదురుతుంది.

సొసైటీ ఆఫ్ ది స్నో 1972 అక్టోబరు 13న ఆండీస్ పర్వతాల్లో కూలిన ఉరుగ్వే విమానం గురించి. 45 మంది ఎక్కారు, 72 రోజుల తర్వాత 16 మంది మిగిలారు. ఇదే సంఘటన మీద 1993లో ఇంగ్లిషులో అలైవ్ అనే సినిమా వచ్చింది. రెంటినీ పోల్చి చూస్తే చరిత్ర సినిమా ఎలా ఎదిగిందో అర్థమవుతుంది. పాతదాంట్లో చనిపోయినవారి పేర్లు మార్చారు, అందరూ ఇంగ్లిషులో మాట్లాడతారు. కొత్తది స్పానిష్‌లో, ఆ ప్రాంతపు నటులతో, ఎవరు చనిపోయినా వారి అసలు పేరు, వయసు తెర మీద వేస్తుంది. బతికినవారి గొప్పతనం కన్నా పోయినవారి ఉనికికి విలువ ఇచ్చింది. చూసే ముందు దాని గురించి ఎక్కువ చదవకండి. కథ చెప్పే గొంతు ఎవరిదన్నది ముందే తెలియకపోవడం మంచిది.

మీరు అన్నీ యుద్ధాలే వద్దన్నారు కానీ, యుద్ధకాలంలో ఒక గదిలో జరిగిన సినిమాలు వదులుకోకూడదు. కాన్‌స్పిరసీ (2001) అనే టీవీ సినిమా గంటన్నర నిడివి. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలోని వాన్‌సీ భవనంలో పదిహేను మంది అధికారులు కూర్చుని యూదుల సామూహిక హత్యకు పాలనాపరమైన ఏర్పాట్లు మాట్లాడుకున్న సమావేశం ఇది. అసలు సమావేశమూ దాదాపు అంతసేపే జరిగింది. ఆ సమావేశపు నోట్సు ముప్పై కాపీల్లో ఒక్కటే మిగిలింది, 1947లో దొరికింది. అది మాట మాటకూ రాసుకున్నది కాదు, శుద్ధి చేసిన సారాంశం. కాబట్టి ఎవరు వచ్చారు, ఏం తేల్చారు అన్నవి నిజం, సంభాషణలు మాత్రం రచయితవి. తెర మీద ఒక్క తుపాకీ పేలదు. భోజనం చేస్తూ, లెక్కలు వేసుకుంటూ మాట్లాడతారు. ఇంతకన్నా భయపెట్టే సినిమా నేను చెప్పలేను.

డౌన్‌ఫాల్ (2004) హిట్లర్ ఆఖరి రోజులు. బ్రూనో గాంజ్ నటన కోసం, బంకర్‌లోని కార్యదర్శి జ్ఞాపకాల్లోంచి వచ్చిన చిన్న చిన్న వివరాల కోసం తప్పక చూడాలి. కానీ అందులో మానవత్వమున్న వైద్యుడిగా కనిపించే షెంక్ అసలు జీవితంలో నిర్బంధ శిబిరంలో ఖైదీల మీద ఆహార ప్రయోగాల్లో పాలుపంచుకున్నవాడు. సినిమా ఆ మాట ఎత్తదు. షిండ్లర్స్ లిస్ట్ (1993) మూడుంబావు గంటలు. జర్మన్ వ్యాపారి షిండ్లర్ కాపాడిన దాదాపు 1,200 మంది యూదుల ప్రాణాలు నిజం. ఆయన ఒక్కో పేరూ చెబుతుంటే ఆయన దగ్గర లెక్కలు చూసే స్టెర్న్ టైపు చేసే సీను మాత్రం చరిత్ర కాదు. జాబితాలు ఒకటికి మించి ఉన్నాయి, వాటిలో పేర్లు చేర్చడంలో ఇతరుల చేయి ఎక్కువ. స్టెర్న్ పాత్ర కూడా ఇద్దరు ముగ్గురిని కలిపి చేసిందే.

ఓపెన్‌హైమర్ (2023) చూసి ఉంటారు. అందులో రంగుల భాగం ఓపెన్‌హైమర్ కళ్లతో, నలుపు తెలుపు భాగం ఆయన ప్రత్యర్థి స్ట్రాస్ వైపు నుంచి అని గుర్తుపెట్టుకుంటే కాలాలు కలగాపులగం కావు: 1954 నాటి విచారణ మొదటిది, 1959 నాటి సెనేట్ విచారణ రెండోది. అణుబాంబు పేలిస్తే వాతావరణమే అంటుకుంటుందేమో అన్న లెక్క పట్టుకుని ఐన్‌స్టీన్ దగ్గరికి వెళ్లడం కల్పన. నిజానికి ఆ విషయం ఆర్థర్ కాంప్టన్‌తో మాట్లాడాడు.

మన దేశపు సినిమాల్లో మొదట సర్దార్ ఉధమ్ (2021). 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్ వేరు, 1940 మార్చి 13న లండన్‌లో ఉధమ్ సింగ్ చంపిన మైకేల్ ఓడ్వయర్ వేరు. మొదటివాడు 1927లోనే మామూలుగా చనిపోయాడు. రెండోవాడు కాల్పుల నాటికి పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నరు, డయ్యర్‌ను సమర్థించినవాడు. ఈ తేడా తెలియకుండా చూస్తే సగం కథ తారుమారవుతుంది. ఉధమ్ సింగ్ ఆ రోజు అక్కడున్నాడా అన్నదానికి గట్టి ఆధారం లేదు. సినిమా మాత్రం ఆ రాత్రంతా గాయపడినవారిని మోసినట్టు చూపింది. ఆ సుదీర్ఘమైన సీను నాకు అతిగా అనిపించలేదు. పది నిమిషాల కాల్పుల్లో 1,650 తూటాలు అన్న అంకె మనం బడిలో చదివి మరచిపోతాం, ఆ సీను మరచిపోనివ్వదు.

తెలుగులో మా భూమి. తెలంగాణ సాయుధ పోరాటం మీద గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మించగా 1980లో థియేటర్లకు వచ్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల దీనికి ఆధారం కాబట్టి రామయ్య పాత్ర కల్పితమే. వెట్టి, దొరల గడీ, ఊరు తిరగబడటం మాత్రం చరిత్రే. తారీఖులు తప్పనప్పటికీ ఆ కాలపు ఊపిరి లేని సినిమాలు చాలా ఉన్నాయి. ఇది దానికి ఎదురు: పేర్లు కల్పితం, కాలం నిజం. ఇక ఆర్ ఆర్ ఆర్ (2022)ను ఈ జాబితాలో వెతక్కండి. అల్లూరి 1924లో, కొమురం భీం 1940లో అమరులయ్యారు. ఇద్దరూ కలిశారనడానికి ఆధారం లేదు, తీసినవారూ దాన్ని కల్పన అనే చెప్పారు. బాంబు పేలుళ్ల దర్యాప్తు మీద ఆసక్తి ఉంటే బ్లాక్ ఫ్రైడే చూడండి. 1993 బొంబాయి పేలుళ్ల కేసు తీర్పు రాలేదన్న కారణంగా కోర్టు ఆపడంతో 2007 దాకా విడుదల కాలేదు.

సినిమాగా బాగున్నా, చరిత్రగా జాగ్రత్త పడాల్సినవి కొన్ని. ఇరాన్‌లో చిక్కుకున్న ఆరుగురు అమెరికన్లను తప్పించిన కథ ఆర్గో (2012). అందులో చూపినట్టు విమానం వెంట జీపులు పరిగెత్తడం జరగలేదు. బజారులో అల్లరీ జరగలేదు. ఆ ఆరుగురికీ నెలల తరబడి ఆశ్రయమిచ్చిన కెనడా దౌత్యవేత్తల పాత్రను బాగా తగ్గించారు. ది ఇమిటేషన్ గేమ్ (2014)లో బ్రిటిష్ గణితవేత్త ట్యూరింగ్ ఒంటరిగా జర్మన్ల రహస్య సంకేతాల యంత్రం ఎనిగ్మాను జయించినట్టుంటుంది. అసలు 1932లోనే పోలండ్ గణితవేత్తలు తొలి విజయం సాధించి, 1939లో తమ పనినంతా బ్రిటన్‌కు అప్పగించారు. బ్రేవ్‌హార్ట్ (1995)లో స్టర్లింగ్ వంతెన యుద్ధం ఉంది, వంతెన లేదు! ఆ వంతెన ఇరుకుగా ఉండటం వల్లే 1297లో స్కాట్లాండ్ సేన గెలిచింది కాబట్టి ఇది చిన్న పొరపాటు కాదు, గెలుపు కారణాన్నే తీసేయడం. కథానాయకుడు, స్కాట్లాండ్ యోధుడు వాలెస్‌ను ప్రేమించే రాకుమారి ఆయన చనిపోయేనాటికి ఫ్రాన్స్‌లో పదేళ్ల పిల్ల.

లింకన్ (2012) చాలా శ్రద్ధగా తీసిన సినిమా. అందులోనూ బానిసత్వ రద్దు ఓటింగ్‌లో కనెటికట్ సభ్యులిద్దరు వ్యతిరేకించినట్టు చూపారు. ఆ రాష్ట్రపు నలుగురూ అనుకూలంగానే ఓటేశారు. ఉత్కంఠ కోసం చేసిన మార్పు అది. మార్పులు ఎక్కువగా జరిగేది సరిగ్గా ఇలాంటి చోటే: క్లైమాక్స్‌లో, ఫలితం ముందే తెలిసిన చోట. విలన్ లేని కథలో విలన్‌ను పెట్టడం ఇంకో అలవాటు. సల్లీ (2016) చూడండి. 2009లో హడ్సన్ నదిలో 155 మందిని క్షేమంగా దించిన పైలట్‌ను దర్యాప్తు అధికారులు వేధించినట్టుంది. అసలు దర్యాప్తు మామూలుగానే సాగింది. పైలట్లకు ఆలోచించుకునే 35 సెకన్ల వ్యవధి కలిపితే విమానాశ్రయానికి వెనక్కి వెళ్లడం సాధ్యం కాదని ఆ దర్యాప్తు పరీక్షల్లోనే తేలింది.

మీరే తనిఖీ చేసుకోవాలంటే పెద్ద పరిశోధన అక్కర్లేదు, పావుగంట చాలు. మొదట్లో వచ్చే 'నిజ కథ ఆధారంగా' అన్న కార్డును సాక్ష్యంగా తీసుకోకండి. ఫార్గో (1996) ఇది నిజ కథ అని ప్రకటించుకుంది, కథ మాత్రం కల్పితం. దానికి బదులు చివర్లో పేర్లన్నీ వెళ్లిపోయాక వచ్చే చిన్న అక్షరాల ప్రకటన ఆపి చదవండి. పాత్రలు కలిపామనో, కొన్ని సంఘటనలు కల్పించామనో అక్కడ ఒప్పుకుంటారు. తర్వాత మూడు విషయాలు వెతకండి: ప్రధాన పాత్ర పేరుతో అసలు మనిషి ఉన్నాడా, క్లైమాక్స్ అలాగే జరిగిందా, ఆ సంఘటనలో ముఖ్యులైనా తెర మీద లేనివారు ఎవరు. మూడోది చాలామంది వెతకరు, అసలు సంగతి తరచుగా అక్కడే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తీరం నుంచి బ్రిటన్ సేనలను తప్పించిన కథ డంకర్క్ (2017) బాగా తీసిన సినిమా, కానీ ఆ తీరంలో ఉన్న భారత సైన్యపు కంచరగాడిదల దళాలు అందులో కనిపించవు.

చూసే ముందు ఆ దేశం, ఆ సంవత్సరం గురించి రెండు పేరాలు చదివితే చాలు, మిగతాది చూశాక చదవండి. ముందే అంతా చదివితే తప్పులు ఏరడంలో పడి సినిమా చేజారుతుంది. ఏమీ చదవకపోతే అర్జెంటీనాలోనో అల్జీర్స్‌లోనో మొదటి అరగంట ఎవరు ఎవరో తెలియక పోతుంది. డబ్బింగ్ వద్దు, అసలు భాషలో సబ్‌టైటిల్స్‌తో చూడండి. అల్జీర్స్‌లో ఫ్రెంచి ఎవరు మాట్లాడుతున్నారు, అరబ్బీ ఎవరు మాట్లాడుతున్నారు అన్నదే సగం కథ.

మీ అమ్మాయితో కలిసి అయితే మొదట అపోలో 13. తర్వాత హిడెన్ ఫిగర్స్ (2016): నాసాలో లెక్కలు వేసిన నల్లజాతి మహిళల కథ. నల్లజాతివారికి వేరుగా కేటాయించిన మరుగుదొడ్డి కోసం క్యాథరిన్ జాన్సన్ పరుగెత్తే సీను నిజానికి మేరీ జాక్సన్‌కు ఎదురైన అనుభవం నుంచి తీసుకున్నది. ఆ మరుగుదొడ్డి బోర్డు పగలగొట్టే అధికారి కల్పిత పాత్ర. ఈ రెండూ ఆమెకు ముందే చెప్పక, చూశాక తనతోనే వెతికించండి. ఆ తర్వాత సల్లీ, ఎ ట్యాక్సీ డ్రైవర్, అర్జెంటీనా, 1985. చివరిదాంట్లో హింస తెర మీద కనిపించదు, సాక్షుల మాటల్లో ఉంటుంది. ఒక తల్లి వాంగ్మూలం చాలా బరువైనది, దాని తర్వాత కాసేపు ఆపి మాట్లాడుకోండి. స్పాట్‌లైట్‌లో దృశ్యాలు ఇబ్బంది పెట్టవు, విషయం మాత్రం పిల్లల మీద లైంగిక అకృత్యాలు. అది మీ ఇంట్లో మాట్లాడుకునే తీరును బట్టి మీరే తేల్చుకోండి. సొసైటీ ఆఫ్ ది స్నోలో ఆకలికి తట్టుకోలేక, చనిపోయినవారి మాంసం తినాలని వాళ్లు తీసుకున్న నిర్ణయం గురించి ముందే చెప్పి కూర్చోబెట్టండి. షిండ్లర్స్ లిస్ట్, సర్దార్ ఉధమ్ చివరి భాగం, డౌన్‌ఫాల్‌లో పిల్లల సీను ఇప్పుడే వద్దు, రెండు మూడేళ్లు ఆగండి. సోవియట్ సినిమా కమ్ అండ్ సీ (1985)ను చాలామంది సిఫార్సు చేస్తారు, బెలారుస్‌లో నాజీలు జనంతో సహా తగలబెట్టిన ఊళ్ల గురించి అంతకన్నా నిజాయితీగల సినిమా లేదు. దాన్ని ముందు మీరొక్కరే చూడండి.